ముషర్స్ సీక్రెట్ పాదాల మైనం: మిన్నెసోటా చలిలో మా చిట్టికి ఎంతవరకు పనికొచ్చింది

మంచు కురిసే ఊళ్లలో కుక్కను పెంచుకునే మనవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: దాని కాళ్లకు బూట్లు కొనాలా, మైనం కొనాలా? ముందు మైనం కొనండి. బయట తిప్పి తెచ్చిన ప్రతిసారీ గోరువెచ్చటి నీళ్లతో కాళ్లు కడగండి. ఈ రెండూ చేస్తున్నా కుక్క కాలు ఎత్తిపెట్టి నిలబడిపోతుంటే అప్పుడు బూట్ల సంగతి చూడొచ్చు. మేం వాడే మైనం పేరు ముషర్స్ సీక్రెట్. కెనడా సరుకు. మంచు మీద బండి లాగే కుక్కల కోసం తయారుచేసింది. పోయిన చలికాలం మొదట్లో కొన్నాం, ఈ చలికాలమూ అదే వాడుతున్నాం. దాని మంచీ, దాని హద్దూ రెండూ రాస్తాను.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రం ప్లిమత్‌లో, మినియాపొలిస్ పక్కనే. నేను తెనాలివాణ్ణి. ఆర్టీసీలో టైర్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. అబ్బాయి, కోడలు ఆఫీసుకు, మనవడు బడికి వెళ్లిపోతారు కాబట్టి మా కుక్క చిట్టిని పొద్దునా సాయంత్రం తిప్పే పని నాది. చిట్టిదీ తెనాలే. మా వీధిలో పుట్టి మా అరుగు మీద పెరిగింది. మేం ఇక్కడికి వచ్చేసేటప్పుడు దాన్ని వదిలి రావడానికి మా ఆవిడ ససేమిరా అంది. టీకాలు, కాగితాలు, విమానంలో పెట్టే పెట్టె అన్నీ చూసుకుని వెంట తెచ్చుకున్నాం. పద్దెనిమిది కిలోల బరువు, పొడుగు కాళ్లు, సన్నటి పాదాలు, ఒంటికి అంటుకుని ఉండే పొట్టి బొచ్చు. మంచు దేశాల హస్కీ కుక్కలకు లోపల ఉన్నిలా ఒక పొర ఉంటుంది, దీనికి అది లేదు. ఇక్కడ జనవరిలో రాత్రి చలి సగటున మైనస్ 13 సెల్సియస్ దగ్గర ఉంటుంది. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 33 దాకా పడిపోయిన సంగతి ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తెనాలి ఎండల్లో పుట్టిన కుక్కను ఇలాంటి చోటికి తెచ్చామన్న టెన్షన్ నాకు నవంబర్‌లో మొదలై మార్చి దాకా ఉంటుంది.

మొదటి చలికాలం ఒక సంగతి గమనించాను. చిట్టి మా వీధి పొడుగునా మంచు మీద బాగానే నడిచేది. మూల తిరిగి ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ముందున్న సైడ్‌వాక్ (కాలిబాట) ఎక్కగానే ముందు కాలు పైకెత్తేది. నాలుగడుగులు వేసి ఇంకో కాలు. చలికే అనుకుంటాం ఎవరమైనా. అదే చిట్టి మెడిసిన్ లేక్ ఒడ్డున అప్పుడే కురిసిన మంచులో అరగంట పరుగులు తీసినా ఒక్క కాలూ ఎత్తదు. చలి రెండు చోట్లా ఒకటే. సైడ్‌వాక్ మీద ఉన్నదీ సరస్సు ఒడ్డున లేనిదీ ఉప్పు, మంచు కరగడానికి చల్లేది.

కుక్క కాలు చలికి తట్టుకునేలాగే తయారై ఉంటుంది. పాదంలోకి వెచ్చటి రక్తం తెచ్చే నాళాలను ఆనుకునే చల్లబడిన రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే నాళాలుంటాయి. దిగే రక్తం ఎక్కే రక్తానికి వేడి అందిస్తుంది. అందుకే పాదం అడుగున ఉండే మెత్తలు మంచు మీద ఆనినా గడ్డకట్టవు, ఒళ్లూ చల్లబడదు. జపాన్‌లో నినోమియా అనే శాస్త్రవేత్త బృందం కుక్క పాదాల రక్తనాళాలకు అచ్చులు తీసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి, 2011లో ఈ ఏర్పాటు గురించి రాసింది. అయితే ఈ ఏర్పాటు చలిని ఆపుతుంది గానీ రసాయనాన్ని ఆపదు.

రోడ్ల మీద చల్లేది ఎక్కువగా మన వంటింట్లో ఉండే ఉప్పే, సోడియం క్లోరైడ్, కాకపోతే రాళ్లు రాళ్లుగా ఉంటుంది. చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ బకెట్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, లోపలి డబ్బా చుట్టూ ఐసు ముక్కలతోపాటు రాళ్ల ఉప్పు పోసేవారు. ఉప్పు కలిసిన ఐసు మామూలు ఐసు కంటే బాగా చల్లబడుతుంది. మైనస్ 21 సెల్సియస్ దాకా దిగగలదు. సైడ్‌వాక్ మీద ఆ బురద కుక్క వేళ్ల సందున చేరితే అక్కడ జరిగేదీ అదే. ఇక మంచు కరగడానికే చల్లే కాల్షియం క్లోరైడ్ గుళికలది ఇంకో దారి. తెల్లటి చిన్న గుండ్రటి పూసల్లా ఉంటాయి, తడి తగలగానే వేడి పుట్టిస్తాయి. తడి పాదంలో ఇరుక్కుంటే మెత్తల మధ్య చర్మం కాలుతుంది. వీటికి తోడు, ఇంటికొచ్చాక కుక్క చేసే మొదటి పని కాళ్లు నాకడం. ఆ ఉప్పంతా కడుపులోకి పోతుంది. చొంగ కారడం, వాంతులు అక్కణ్ణించే మొదలవుతాయి.

చిట్టి ముందు పాదాల్లో పెద్ద మెత్త అంచులు ఆ ఏడాది తెల్లగా పొడిబారి చిన్న చిన్న పగుళ్లు పట్టాయి. వెటర్నరీ డాక్టరమ్మ చూసి, పుండు లేదు, మందు అక్కర్లేదు, ఉప్పుకూ చర్మానికీ మధ్య ఏదో ఒక పొర ఉండేలా చూడండి, నడిపించాక కడగండి అంది. మైనం పేరు అక్కడే విన్నాను.

200 గ్రాముల డబ్బా కొన్నాం. మూత తీస్తే లోపల లేత పసుపు రంగు మైనం, గట్టిగా కుదురుగా ఉంటుంది. వాసన దాదాపు లేనట్టే. కుక్కలకు సెంటు వాసనలు గిట్టవు కాబట్టి నాకది నచ్చింది. తినే పదార్థాల్లో వాడే రకం మైనాల మిశ్రమం అని తయారీదార్లు చెబుతారు. నాకినా భయం లేదన్నది నేను ముందు చూసుకున్న విషయం. చిట్టి మొదటి రెండు మూడు సార్లు నాకి, రుచి ఏమీ లేదని మానేసింది.

రాసే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మెత్తల మీద క్రీము పూసినట్టు పూసి వదిలేస్తున్నారు. నేను తలుపు దగ్గర పీట వేసుకుని కూచుంటాను. చిట్టి ఎదురుగా కూచుని కుడి కాలు నా మోకాలి మీద పెడుతుంది. చూపుడు వేలితో డబ్బాలో ఒకసారి గట్టిగా రాస్తే వేలి వేడికి మైనం మెత్తబడి పల్చగా అంటుకుంటుంది. ముందు నాలుగు చిన్న మెత్తలు, తర్వాత మధ్యలో ఉన్న పెద్ద మెత్త. ఆ తర్వాతే అసలు చోటు. బొటనవేలితో వేళ్లను విడదీస్తే మెత్తల మధ్య గులాబీ రంగు చర్మం కనిపిస్తుంది. బియ్యపు గింజంత సందు అది. ఉప్పు వెళ్లి కూచునేది అక్కడే. అక్కడ వేలి కొసతో మైనాన్ని లోపలికి నొక్కి రాయాలి. గోరు మొదట్లో చర్మం కలిసే చోటా ఒకసారి తిప్పాలి. ఎక్కువ రాస్తే లాభం లేదు, పల్చగా ఉంటేనే నిలుస్తుంది. కాసేపట్లోనే ఆరిపోతుంది. ఆరకముందే వదిలితే ఏ మైనమైనా చెక్క నేల మీద పాదాల అచ్చులు వేస్తుంది. అందుకని నేను పాత తువ్వాలు పరిచి, నాలుగు కాళ్లూ అయ్యాక నా కోటు జిప్పు వేసుకునేదాకా దాన్ని అక్కడే నిలబెడతాను.

కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తల్లోనే. ఈ మైనం పొర కింద నుంచి చెమట బయటికి వెళ్లగలదని తయారీదార్లు చెబుతారు. నేను చూసినంతలో చిట్టి పాదాలు మైనం కింద నానినట్టు కావడం, వాసన రావడం ఎప్పుడూ లేదు.

వారానికి ఒకటి రెండు సార్లు రాస్తే చాలని సూచనల్లో ఉంటుంది. ఉప్పు లేని చోట అది నిజమే కావచ్చు. మా దారిలో మూడో వంతు సిమెంటు సైడ్‌వాక్, దాని గరుకుకు మైనం అరుగుతుంది. నేను డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రోజూ పొద్దున నడకకు ముందు రాస్తాను. సాయంత్రం కడిగాక వేలితో తడిమి చూస్తే మెత్త నున్నగా తగిలితే వదిలేస్తాను, గరుకుగా తగిలితే మళ్లీ రాస్తాను.

ఫలితం గురించి. రాయడం మొదలుపెట్టిన చలికాలంలో, సంక్రాంతి నాటికల్లా, ఆ తెల్లటి పొడి అంచులు నల్లగా నిగనిగలాడే స్థితికి వచ్చాయి. పగుళ్లు మళ్లీ రాలేదు. అపార్ట్‌మెంట్ల ముందు సైడ్‌వాక్ మీద కాలు ఎత్తడం పూర్తిగా పోయిందనను గానీ బాగా తగ్గింది. నాకు అన్నిటికంటే ఉపయోగం అనిపించింది ఇంకొకటి. మైనం రాసిన పాదం కడగడం సులువు. నీళ్లలో ముంచగానే ఉప్పు, ఇసుక జారి కిందికి దిగిపోతాయి. రాయని రోజున అదే ఇసుక వేళ్ల మధ్య వేలు పెట్టి రుద్దితే గానీ వదలదు. రుద్దితే దానికి నొప్పి, కాలు లాగేసుకుంటుంది.

మైనం వెచ్చదనం ఇవ్వదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. మైనం రాశాం కదా అని మైనస్ 20లో గంటసేపు తిప్పితే దాని కాళ్లు చలికి వదిలేసినట్టే. సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్ కిందికి దిగితే మేం పని పూర్తయ్యేంతసేపే బయట ఉంటాం. చిట్టి లాంటి పొట్టి బొచ్చు కుక్కకు పాదాల కంటే ముందు చెవి కొసలు, తోక కొస దెబ్బతింటాయి. ఆ చోట చర్మం పాలిపోయి, బూడిద రంగుకు మారి, గట్టిగా చల్లగా తగిలితే అది చలి కాటు. రుద్దకూడదు. మరిగే నీళ్లు, హెయిర్ డ్రయ్యర్ వద్దు. గోరువెచ్చటి తడి గుడ్డ పెట్టి నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

కొబ్బరి నూనె సరిపోదా అని మనవాళ్లు అడుగుతారు. ఇంట్లో పగిలిన మెత్తకు రాత్రిపూట కొంచెం రాస్తే తప్పులేదు. బయటికి వెళ్లే ముందు మాత్రం వద్దు. నూనె చర్మంలోకి ఇంకిపోతుంది, పైన పొరగా నిలవదు. జారుడు నేల మీద కుక్క కాలు ఇంకా జారుతుంది. పైగా కొబ్బరి నూనె రుచికి అది కాళ్లు ఇంకా ఎక్కువ నాకుతుంది, దాంతోపాటు ఉప్పూ పోతుంది. మన చేతులకు రాసుకునే లోషన్లు అసలే వద్దు. వాటిలో కుక్క నాకకూడనివి ఎన్నో ఉంటాయి.

ఇక బూట్లు. నా వృత్తి రబ్బరుతో కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

మైనం కంటే ముందు మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ఒక బూట్ల సెట్టు తెప్పించాడు. కంపెనీ పేరు రాయను, ఆ తరహావి పదుల కొద్దీ పేర్లతో దొరుకుతాయి. పైన గుడ్డ, లోపల ఉన్ని లాంటి అస్తరు, కింద నల్లటి అట్ట, చీలమండ దగ్గర వెల్క్రో పట్టీ. గదిలో పట్టుకుంటే అట్ట మెత్తగా వంగింది. ఒక రాత్రి గ్యారేజీలో వదిలేసి పొద్దున చూస్తే బిర్రబిగుసుకుపోయి ఉంది. అది రబ్బరు కాదు, ప్లాస్టిక్. చలికి ప్లాస్టిక్ అట్ట గట్టిపడితే నేలను పట్టుకోదు, దాని మీద ఎన్ని గాడులు కోసినా వృథా. సహజ రబ్బరు ఇక్కడి చలికి అలా బిగుసుకోదు. చలి దేశాల్లో కార్లకు వింటర్ టైర్లు వేరే రబ్బరు మిశ్రమంతో చేయడానికి కారణం ఇదే, గాడి ఎంత లోతుగా ఉందన్నది దాని తర్వాతి మాట. చిట్టి ఆ బూట్లతో ఐసు మీద అడుగు వేసిందంటే వెనక కాళ్లు రెండూ పక్కలకు జారాయి. అంతకంటే ఇబ్బంది ఇంకొకటి, దాని సన్నటి పాదానికి ఆ బూటు వెడల్పు ఎక్కువై, పాదం లోపల తిరిగిపోయి, అట్ట పక్కకూ గుడ్డ కిందికీ వచ్చేది. పట్టీ ఇంకా బిగిస్తే ఊడదు, నిజమే, కానీ రక్తం ఆడదు. చలిలో రక్తం ఆడని కాలు ముందుగా గడ్డకడుతుంది. బిగించిన పట్టీ కంటే బూటు లేకపోవడమే మేలు.

అందుకని బూటు కొనేవాళ్లు ఒక పని చేయండి. కాగితం మీద కుక్కను నిలబెట్టి, అవతలి కాలు కాస్త పైకెత్తి పట్టుకోండి. బరువు పడ్డప్పుడు పాదం ఎంత విచ్చుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. వెడల్పు అటూ ఇటూ గీత గీసి కొలవండి. వెనక పాదాలు చాలా కుక్కలకు ముందు పాదాల కంటే చిన్నవి, వాటిని విడిగా కొలవాలి. నాలుగూ ఒకే సైజు అమ్మే సెట్టులో రెండు ఎప్పుడూ వదులే. కొన్నాక అట్టను ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి తీసి వంచి చూడండి. వంగకపోతే తిరిగి పంపేయండి.

బెలూన్ లాంటి పల్చటి రబ్బరు బూట్లు ఇంకో రకం. పాజ్ అనేవి అందరికీ తెలిసినవి, సహజ రబ్బరువి, ప్యాకెట్టుకు 12 వస్తాయి. వీటిలో పట్టీ లేదు, అస్తరు లేదు. నోరు సాగదీసి పాదం మీద తొడగాలి. మొదట్లో ఇద్దరం పట్టుకుని తొడిగేవాళ్లం, మనవడు నోరు సాగదీస్తే నేను పాదం దూర్చేవాణ్ణి. నేల స్పర్శ తెలుస్తుంది కాబట్టి చిట్టి వీటితో మామూలుగా నడుస్తుంది, గుడ్డ బూట్లతో నడిచినట్టు కాలు ఎత్తెత్తి వేయదు. ఉప్పు, కాల్షియం గుళికలు లోపలికి చేరనే చేరవు. బాగా ఉప్పు చల్లిన రోజు, మాల్ పార్కింగ్ లాట్ లాంటి చోటికి వెళ్లినప్పుడు, మైనం కంటే ఇవే నయం. వెచ్చదనం మాత్రం వీటితోనూ లేదు. చెమట బయటికి పోదు కాబట్టి ఇంటికి రాగానే తీసెయ్యాలి. గోళ్లు పెరిగి ఉంటే పల్చటి రబ్బరు చిరగడం సహజం, ముందు గోళ్లు కత్తిరించాలి.

మూడో రకం నేను మిన్నెసోటాలోనే ఉన్న డులూత్‌లో చూశాను. జనవరి చివర అక్కడ జాన్ బేర్‌గ్రీజ్ పేరు మీద కుక్కబండ్ల పందెం జరుగుతుంది. ఆయన ఓజిబ్వే అనే ఇక్కడి ఆదివాసీ తెగవాడు, పంతొమ్మిదో శతాబ్దం చివర లేక్ సుపీరియర్ ఉత్తర తీరం వెంబడి, టూ హార్బర్స్ నుంచి గ్రాండ్ మరేకు దాదాపు ఇరవై ఏళ్లు తపాలా మోశాడు. చలికాలంలో కుక్కబండి మీదే. ఆయన తిరిగిన తీరం వెంబడే ఈ పందెం. పందెం మొదలయ్యే ముందు కుక్కలను బండికి కట్టే చోట నిలబడితే నాకు పట్టిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు. అంత చలిలో వందల మైళ్లు పరిగెత్తబోయే కుక్కల కాళ్లకు అట్ట లేదు, ఉన్ని లేదు. పల్చటి నైలాన్ గుడ్డతో కుట్టిన చిన్న సంచీ, పైన ఒక వెల్క్రో పట్టీ, అంతే. కుక్కలను నడిపే ఒకావిడ వరసగా ఒక్కో కాలూ ఎత్తి, వేళ్ల సందు చూసి, సంచీ తొడిగి, పట్టీ చుట్టి, కింద వేలు దూరుతుందో లేదో చూసుకుని పక్క కుక్కకు వెళ్లిపోయేది. ఇవి వెచ్చదనానికి కావు. గరుకు మంచు వేళ్ల మధ్య కోయకుండా, మంచు ఉండలు కట్టకుండా ఉండడానికి. అలాస్కాలో యాంకరేజ్ నుంచి నోమ్ దాకా జరిగే ఇడిటరాడ్ పందెంలో అయితే ఒక్కో కుక్కకు ఎనిమిది చొప్పున ఈ సంచీలు ఉండాలని నియమమే ఉంది.

అవి విడిగా కూడా అమ్ముతారు, ఒక్కోటి రెండు మూడు డాలర్లకు మించదు. సన్న పాదానికి చక్కగా కూచుంటాయి. సరస్సు మీద, పార్కు దారుల్లో చిట్టికి ఇప్పుడు అవే వేస్తాను, కింద మైనం రాసి. సిమెంటు మీద తొందరగా చిల్లులు పడతాయి, అవి రోడ్డు కోసం చేసినవి కావు. ఖరీదు చూస్తే చిల్లుపడినా బాధ లేదు.

ఏ బూటైనా మొదట ఇంట్లోనే అలవాటు చేయాలి. ముందు ఒక్క కాలికి, ఉడికించిన కోడి ముక్క చేతిలో పెట్టుకుని. తొడగడం, ముక్క పెట్టడం, తీసెయ్యడం. నాలుగు కాళ్లకూ తొడిగి నేరుగా మంచులోకి తీసుకెళ్తే కుక్క భయపడి, ఇంకెప్పుడూ కాలు చేతికివ్వదు.

మా పక్క వీధి తెలుగువాళ్లకు గోల్డెన్ రిట్రీవర్ ఉంది. దాని సమస్య వేరు. వేళ్ల మధ్య బొచ్చు పొడుగ్గా ఉండడంతో మంచు దానికి పట్టి ముత్యాల్లా ఉండలు కట్టి, ఒక్కో అడుగుకూ పెద్దదవుతుంది. వాళ్లకు నేను చెప్పింది మెత్తల కింది బొచ్చును మెత్తలతో సమానంగా కత్తిరించమని. మెత్త కంటే లోపలికి కత్తెర పెట్టకూడదు, చర్మం తెగుతుంది. కత్తిరించాక ఇదే మైనం రాస్తున్నారు, ఉండలు కట్టడం చాలా తగ్గింది. పొడుగు బొచ్చు కుక్క ఉన్నవాళ్లకు ఈ డబ్బా మాకంటే కూడా ఎక్కువ పనికొస్తుందని నా ఉద్దేశం.

కడగడం మా ఆవిడ పని. తలుపు లోపల వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు, మన చేతికి గోరువెచ్చగా తగలాలి. వేడి నీళ్లు చల్లటి పాదానికి మంటే. ఒక్కో కాలూ ముంచి, రెండుసార్లు పైకీ కిందికీ ఆడించి, తీసి తువ్వాలుతో వేళ్ల మధ్య అద్దుతుంది. తుడవడం కాదు, అద్దడం. వేళ్ల సందున తడి మిగిలితే అక్కడ చర్మం చెడుతుంది. పొట్ట కింద కూడా ఒకసారి తడి గుడ్డతో తుడుస్తుంది, పొట్టి కాళ్ల కుక్కలకైతే ఇది తప్పనిసరి, ఉప్పు చింది అక్కడా పడుతుంది. “ఏదీ, ఇంకో చెయ్యి” అంటే చిట్టి కాలు మార్చి ఇస్తుంది. తెనాలిలో అరుగు మీద చెప్పిన మాటలే ఇక్కడా.

మన ఇంటి ముందు మనం చల్లేది కూడా చూసుకోవాలి. మామూలు ఉప్పు 15 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 9 సెల్సియస్ కింద సరిగ్గా పనిచేయదని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థే చెబుతుంది. ఒక చెంచా ఉప్పు ఐదు గ్యాలన్ల నీళ్లను శాశ్వతంగా పాడుచేస్తుందనీ, ఒకసారి చెరువులో కలిస్తే తీయలేమనీ వాళ్ల మాట. మా డ్రైవ్‌వే మీద నేను మంచు పడగానే పారతో గీకేస్తాను, జారుడుకు ఇసుక చల్లుతాను. ఇసుక కరిగించదు, కాలికి పట్టు ఇస్తుంది. బయట కొనే సంచీల మీద కుక్క బొమ్మ వేసి క్షేమమని రాసి ఉంటుంది. బొమ్మను నమ్మకుండా వెనక చిన్న అక్షరాల్లో ఏ రసాయనమో చదవండి. గ్యారేజీలో కారు కింద ఆకుపచ్చగానో నారింజగానో ద్రవం కారి ఉంటే వెంటనే తుడిచెయ్యండి. ఇంజన్‌లో పోసే యాంటీఫ్రీజ్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొంచెం నాకినా కుక్క మూత్రపిండాలు పోతాయి. పాదాలకు అంటుకుని అయినా నోట్లోకి వెళ్లొచ్చు, కాళ్లు కడగమనడానికి అదీ ఒక కారణం.

తెనాలి నుంచి మా చెల్లెలు ఒక డబ్బా పంపమంది, అక్కడ వాళ్ల కుక్క కాళ్లు ఎండాకాలం రోడ్డు మీద కాలుతున్నాయట. వద్దన్నాను. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు వేడిని పల్చటి మైనం పొర ఆపలేదు. పొద్దున ఆరు లోపు, సాయంత్రం నేల చల్లారాక తిప్పమ్మా, డబ్బు దండగ అని చెప్పాను. మీ ఊళ్లో ఉప్పు చల్లకపోతే, మంచు పడకపోతే, ఇది మీకు అక్కర్లేదు.

ఖరీదు మేం కొన్నప్పుడు పాతిక డాలర్ల చుట్టుపక్కల ఉంది. చిట్టి అంత కుక్కకు 200 గ్రాములు నవంబర్ నుంచి మంచు కరిగేదాకా వచ్చి, ఇంకా అడుగున మిగిలింది. గ్యారేజీలోనో కార్లోనో పెట్టకండి. చలికి రాయిలా గట్టిపడి వేలికి అంటదు, దాన్ని మెత్తబరిచేలోపు కుక్క తలుపు దగ్గర నిలబడి మొరుగుతుంది. మేం తలుపు పక్క అల్మారాలో, తువ్వాలు, గోళ్ల కత్తెర, టబ్బుతో కలిపి పెట్టాం. రెండు కుక్కలున్నవాళ్లు, లేదా పెద్ద రిట్రీవర్ ఉన్నవాళ్లు ఒక పౌండు డబ్బానే తీసుకోండి. చిన్న డబ్బాలు రెండు కొనడం కంటే అది చవక.